పుకారుకు గడువెంత?

రాజధానికి పొలాలిచ్చేటప్పుడు తుళ్లూరు రైతులు అన్నీ కాగితం మీద రాయించుకున్నారు. మెట్ట ఎకరానికి ఏడాదికి రూ.30,000 కౌలు, జరీబుకు రూ.50,000, ఏటా 10 శాతం పెంపు, పదేళ్ల గడువు. అదే నేలలో మొలిచే పుకారుకు గడువు పెట్టించుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

2014లో పుకారు ముందు నూజివీడు వెళ్లింది. "రాజధాని ఇక్కడేనంట, సెక్రటేరియట్‌లో మా బావమరిది చెప్పాడు" అనగానే మామిడితోటల ధరలకు రెక్కలొచ్చాయి. దొనకొండ పేరూ కొన్నాళ్లు మోగింది. తీరా తుళ్లూరని తేలాక, నూజివీడులో కొన్నవాడు అక్కడే కూలబడ్డాడు. బావమరిది మాత్రం బస్సెక్కి తుళ్లూరొచ్చేశాడు.

వచ్చి, అసైన్డ్ భూమి ఉన్న దళిత రైతు అరుగు మీద కూర్చున్నాడు. "అది సర్కారు భూమి కదయ్యా, పైసా రాదు. ఎంతోకొంతకు నేను ఇప్పిస్తాలే." ఆ భూములకూ ప్లాట్లిస్తామంటూ 2016 ఫిబ్రవరిలో జీవో 41 వచ్చేలోపే కొన్ని చేతులు మారాయన్న ఆరోపణ తర్వాత కేసుగా మారింది. దాని రాజకీయం పార్టీలు చూసుకుంటాయి. భయపడి అమ్ముకున్నవాడి దగ్గరకు బావమరిది తిరిగొచ్చి, "పొరపాటు విన్నానయ్యా, ఇదిగో నీ ఎకరం" అనడు కదా!

2019 ఆగస్టులో కృష్ణకు వరదొచ్చింది. ఊరు మునిగిందన్న సంగతి ఊళ్లోవాళ్లకు హైదరాబాద్ నుంచి ఫోన్లలో తెలిసింది. డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి ఆడవాళ్లు శిబిరాల్లో కూర్చుంటే, వాళ్లు 'పెయిడ్ ఆర్టిస్టులు' అయిపోయారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల వైపు తీర్పిచ్చింది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. అంటే ఆగిన రాజధానిని కదిలించవచ్చు. ఆ ఆడవాళ్లకు అంటించిన పేరును ఏ బెంచి కొట్టేస్తుంది?

నెల తిరిగిందో లేదో, ఓ టీవీ చర్చలో రాజధాని మహిళల మీద ఇంకో మాట పడింది. తుళ్లూరు పోలీస్‌స్టేషన్‌లో కేసు, అరెస్టులు, సుప్రీంకోర్టు దాకా బెయిలు. ఆ మాటేమిటో నేను రాయను. రాస్తే దానికి ఇంకో ఊరు చూపించినట్టే. వినని పాఠకుడు నన్ను తిట్టుకున్నా సరే.

బావమరిది కులాసాగానే ఉన్నాడు. రెండో విడత పూలింగ్ అనగానే మళ్లీ బస్సెక్కాడు. ఏ ఊరు దిగాడో అడక్కండి, చెప్పేస్తాడు.