బ్యాకప్ చిన్నాయన

కోవూరు దాటి తూర్పుగా పోయేకొద్దీ వరి కయ్యలు పలచబడి రొయ్యల గుంతలు చిక్కనవుతాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి నెట్టుకునే చోట విడవలూరు ఉంది. ఈ నేల మీద ఊరికొక బ్యాకప్ చిన్నాయన ఉంటాడు. నేను చెప్పబోయేది ఏ ఒక్కరి గురించీ కాదు, నలుగురైదుగుర్ని కలిపి కుట్టిన మనిషి గురించి. చదివేవాళ్లు ఎవరికి వారు పక్కింటాయనే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

చిన్నాయనకు అరవై దాటాయి. లుంగీ మీద మేత కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన టీషర్టు, మెడలో తాడుకు వేలాడే పెన్‌డ్రైవు. ఆయన కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగి నున్నబడ్డాయి గానీ డిలీట్ మీట ఒక్కటే కొన్ననాటి మెరుపుతోనే ఉంది. దాని జోలికి ఆ చెయ్యి ఎన్నడూ పోలేదు. ఎందుకు చిన్నాయనా ఇంత చెత్త అంటే ఒకటే మాట.

"రేపెవురన్నా అడిగితే?"

ఈ భయం ఆయనకు ఊరికే పట్టుకోలేదు. 1990ల్లో టైగర్ రొయ్య ఈ తీరాన్ని ఊపేసిన రోజుల్లో ఆయన కుర్రరైతు. లెక్కలు సిగరెట్టు పెట్టె వెనక రాసుకునేవాడు. తెల్లమచ్చ తెగులొచ్చి గుంతలు తుడిచిపెట్టుకుపోయాయి. దాని వెనకే 1996 డిసెంబరు 11న రొయ్యల గుంతల మీద సుప్రీంకోర్టు తీర్పొచ్చి, తీరం పొడుగునా గుంత ఎవరిది, ఎక్కడుంది, ఎప్పుడు తవ్వారు అనే ప్రశ్నలు మొదలయ్యాయి. సిగరెట్టు పెట్టెను సాక్ష్యంగా ఎవరు ఒప్పుకుంటారు? 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ అన్నారు, ఐదేళ్లకొకసారి మళ్లీ అన్నారు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది, దానికీ కాగితాలే. అప్పట్నుంచి చిన్నాయన కాగితం ముక్క పారేస్తే ఒట్టు. లాప్‌టాప్ కొన్నాక ఆ వ్రతం అందులోకి మారింది. ఇంత చేసినా ఆయన్ని అడగడానికి వచ్చేది పాత బాకీల వాళ్లే. వాళ్లొచ్చినప్పుడు మాత్రం ఏ ఫైలూ దొరకదు.

ఆ లాప్‌టాప్ గురించి కూడా చెప్పాలి. బ్యాటరీ ఎప్పుడో పోయింది. వైరు పీకితే ఆరిపోతుంది కాబట్టి మనిషే గోడ దగ్గరికి పోవాలి. మూత నిలబడదు, వెనకాల గుంతల మందు డబ్బా ఆనించాలి. లోపల విండోస్ 7. 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ దానికి నీళ్లొదిలేసింది. "వాళ్లు వదిల్తే మనమెందుకు వదలాల?" అని చిన్నాయన వదల్లేదు. చివరికి బ్యాంకు వెబ్‌సైటు కూడా తెరుచుకోనని మొరాయిస్తే, సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు కొత్త లాప్‌టాప్ చేతిలో పెట్టి, "పాతదాంట్లో పనికొచ్చేవి ఇందులోకి ఎక్కించుకో నాయనా" అన్నాడు.

పనికొచ్చేవి! ఆ మాటతో పండగ పూట ఇంట్లో అగ్గి రాజుకుంది. "అయితే పనికిరానిది ఏముండాదిరా అందులో? చెప్పు, ఒక్కటి చెప్పు!"

మొదటి తగాదా కొత్తగా కొన్న పెన్‌డ్రైవు తూకం దగ్గరే వచ్చింది. అట్ట మీద 32 జీబీ అని ఉంది, లాప్‌టాప్‌కు పెడితే 29 చిల్లర చూపిస్తోంది. చిన్నాయన జన్మంతా కాటా దగ్గర పోట్లాడినవాడు. ధాన్యంలో తేమ ఉందని పుట్టికి ఇన్ని కిలోలు తరుగు తీస్తే మిల్లు ముందు బైఠాయించినవాడు. కిలోకు యాభై తూగే రొయ్యను అరవై కౌంటులోకి తోస్తే లారీకి అడ్డం నిలబడ్డవాడు. అట్లాంటి మనిషికి ఖాళీ డబ్బాలో కూడా తరుగు! నెల్లూరు షాపుకు ఫోను కొట్టాడు.

"ఏందబ్బయా, 32కి రెండు పైన తరుగు తీసినావే? దాంట్లో ఏం తడి ఉండాదని?"

షాపబ్బాయి ఓపికమంతుడు. తయారుచేసేవాళ్లు వెయ్యికొక మెట్టుగా లెక్కగడతారని, విండోస్ 1024కొక మెట్టుగా లెక్కగడుతుందని, సరుకు అంతే ఉందని, కొలిచే మానికే వేరని చెప్పాడు. "1 టీబీ డిస్కు కొన్నా 931 జీబీయే చూపిస్తుంది సార్." చిన్నాయన కాసేపు ఆలోచించి, "అయితే సరుకు పెద్దదయ్యేకొద్దీ తరుగు పెరుగుతుందన్నమాట" అని తేల్చాడు. ఆయన తేల్చింది తప్పేమీ కాదు. మెట్టు మెట్టుకూ ఆ తేడా పెరుగుతూనే పోతుంది. కాటా దగ్గర మన రైతు బుర్ర ఇంజనీరు బుర్ర కంటే తక్కువేం తినలేదు.

కాటా వదిలాక మాత్రం కథ వేరు. డెస్క్‌టాప్ మీది బొమ్మలన్నీ ఏరి పెన్‌డ్రైవులో వేశాడు. రెప్పపాటులో అయిపోయింది. "నీ కొడుకు రోజంతా పడుతుందన్నాడు, చూడు" అని చిన్నమ్మ ముందు మీసం దువ్వాడు. కొత్తదాంట్లో నొక్కితే ఒక్కటీ తెరుచుకోలేదు. అవన్నీ షార్ట్‌కట్లు, ఒక్కోటి ఒకటో రెండో కేబీ. అసలు ఫైళ్లు కదల్లేదు. ఇంటి నంబరు పలక ఊడబీక్కొచ్చి కొత్త స్థలంలో నాటితే ఇల్లు నడిచి వస్తుందా?

తర్వాత కూతురి పెళ్లి వీడియో. ఒకే ఫైలు, ఆరు జీబీల దాకా ఉంటుంది. పెన్‌డ్రైవులో బోలెడు జాగా ఉన్నా ఫైలు మరీ పెద్దదని తిప్పికొట్టింది. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంది. దాంట్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఫార్మాట్ చేసి ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే సరిపోతుంది గానీ, మారిస్తే అందులో ఉన్నవి పోతాయి.

"పోతాయా? అయితే ఒద్దు."

"ఏముండాయి నాయనా అందులో? తెరుచుకోని షార్ట్‌కట్లే గదా!"

"ఏమో, రేపెవురన్నా అడిగితే?"

దాంతో వీడియోనే రెండు ముక్కలు చెయ్యాల్సొచ్చింది. మొదటి ముక్క సరిగ్గా తాళి ఎత్తిన చోట తెగింది. ఒక ముక్క కొత్త లాప్‌టాప్‌కు చేరి రెండోది వెళ్లే దాకా అల్లుడు చేతులు పైకెత్తుకునే ఉన్నాడు.

ఇది తెమిలేది కాదని కొడుకు ఒక హార్డ్ డిస్కు కొనిచ్చి బెంగుళూరు బస్సెక్కాడు. కొత్త లాప్‌టాప్‌కు వేగంగా పోయే నీలం రంగు యూఎస్‌బీ ఉంది, పాతదానికున్నది 2.0. పేరుకు సెకనుకు 480 మెగాబిట్లు, చేతికొచ్చేసరికి ముప్పై మెగాబైట్లు పైన వస్తే అదృష్టం. ఆ లెక్కన 200 జీబీకి రెండు గంటలు చాలు. కానీ పెద్ద ఫైలొకటి పోవడం వేరు, వేల కొద్దీ బుల్లి ఫోటోలు పోవడం వేరు. ఒక్కోదానికీ తెరవాలి, రాయాలి, మూయాలి, చిట్టాలో ఎక్కించాలి. తెర మీద మొదట 14 నిమిషాలు అంది, ఆపైన 2 రోజులు అంది, టీ తాగి వచ్చేసరికి 40 నిమిషాలు అంది. చిన్నాయన దాన్నెప్పుడూ నమ్మలేదు. "ఇదీ మన హేచరీ వాడి మాదిరే, సీడు రేపంటాడు."

సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ లేని బండి గనక టక్కున ఆరింది. మళ్లీ మొదట్నుంచి. అర్ధరాత్రి మళ్లీ పోయింది. అప్పుడు ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇంట్లో జనరేటరు లేదు, గుంతల కాడ ఉంది! తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుక్కి పడిపోతుంది, ఆ వేళ ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది. కాబట్టి కరెంటు ఉన్నా లేకపోయినా అక్కడ మోటార్లు ఆగవు. రెండు లాప్‌టాప్‌లూ, మందు డబ్బాతో సహా, మోపెడ్ మీద షెడ్డుకు చేరాయి. మేత బస్తాల మీద వాటిని పెట్టి, పక్కన నులక మంచం వేసుకుని కూర్చున్నాడు. కాపలా కుర్రాడికి గట్టి ఆజ్ఞ: "దోమలొస్తే నన్ను కుట్టనీ, తెర మీద చెయ్యి పెట్టబాక."

ఆ రాత్రి ఆయన్ని నిద్రపోనివ్వంది దోమలు కాదు, ఒక ప్రశ్న. ఇదే పేరుతో ఇంకో ఫైలుంది, పాతది తీసెయ్యనా, వదిలెయ్యనా, రెండూ ఉంచనా అని లాప్‌టాప్ అడుగుతుంది. బాకీల వాళ్లు కాకుండా జీవితంలో మొదటిసారి ఆయన్ని ఎవరో అడిగారు! ప్రతిసారీ రెండూ ఉంచు అనే నొక్కాడు. అన్నిటికీ ఇదే జవాబు అని ఒక గడి ఉంది, దాన్ని టిక్ పెడితే పని అయిపోతుంది. పెట్టలేదు. ఎవరి కేసు వాళ్లదే, గంపగుత్తగా తీర్పు చెప్పకూడదట.

ఉన్నవేమిటి? "2014 నాలుగో గుంత", "2014 నాలుగో గుంత ఫైనల్", "ఫైనల్ నిజం". మేత బిల్లుల ఫోటోలు, బిల్లు సరిగా పడలేదని తీసిన రెండో ఫోటోలు. పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయిన 2021 నవంబరు నాటివి వందల కొద్దీ ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకే మోటారు నాలుగు వైపుల నుంచీ మునిగి ఉంటుంది.

అర్జీలు తెరిస్తే మాత్రం గుండె గుభేలుమంది. తెలుగుండాల్సిన చోట కొమ్ములు మొలిచిన ఇంగ్లీషక్షరాలు. వైరస్ అన్నాడు కాపలా కుర్రాడు. కాదు, అవి డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించినవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన పెళ్లి పత్రికలూ కరపత్రాలూ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అను మీదే నడిచాయి. అందులో మన అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గుర్తుల మీద కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని లాప్‌టాప్‌కు కింద ఉన్న గుర్తులే కనబడతాయి. డీటీపీ అబ్బాయి డబ్బులు తీసుకుని ఒక అర్జీని యూనికోడ్‌లోకి మార్చి చూపించాడు. వీధి దీపం వెలగడం లేదని అది. ఇప్పుడక్కడ స్తంభమే లేదు.

"క్లౌడ్‌లో పెట్టేయి నాయనా, గూగుల్ 15 జీబీ ఊరికే ఇస్తుంది" అన్నాడు కొడుకు ఫోనులో.

"ఊరికేనా? మేత అప్పుకిచ్చినాయన కూడా మొదట అట్నే అన్నాడు. పట్టుబడి రోజు లారీ తెచ్చి గుంత కాడ నిలబెట్టినాడు. అది ఎవురి పేరు మీద ఉందో పాసు పుస్తకం చూపించమను, అప్పుడు పెడతా."

మొత్తానికి అయింది. రెండు లాప్‌టాప్‌ల్లోనూ ఫైళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. కొత్తదాంట్లో ఎక్కువున్నాయి, రెండూ ఉంచిన పుణ్యం. తరుగు లేకుండా పైగా మిగులు వచ్చిన సరుకు అదొక్కటేనని మురిసిపోయాడు. పాత సామాన్లాయన వీధిలో కేకేస్తుంటే చిన్నమ్మ అడిగింది.

"దాన్నింక ఇచ్చేయమంటావా?"

"బుద్ధుందా నీకు? రేపు కొత్తది పోతే?"

"పోతే?"

"అందుకే దీంట్లో ఉండేవన్నీ మళ్లా దాంట్లోకి ఎక్కిచ్చాల. దాంట్లో జాగా చాలదంటుండాడు మీవోడు. నెల్లూరు పోయి దానికో పెద్ద డిస్కు వేపిచ్చుకోనొస్తా, ఆ మందు డబ్బా పారేయబాక."