ముఖవర్ణనము

అసత్యమును ద్వేషించువారు లోకమున పెక్కురు గలరు గాని, వారిలో చాలమంది ఆ ద్వేషమును తమ నాలుకపై ప్రయోగింపక ఇతరుల చెక్కిళ్లపై ప్రయోగించుచుందురు. పెండ్లిపందిటిలో పెండ్లికూతురి బుగ్గలయందు రవంత ఎఱుపు హెచ్చినట్లు తోచినంతనే "అదంతా మేకప్పేనండీ, కడిగితే తెలుస్తుంది" అని ప్రక్కవాని చెవిలో తీర్పు చెప్పు పెద్దమనుష్యుడు, తాను ఆ యుదయముననే తలకు పట్టించిన నల్లరంగు చెవితమ్మెల మీదికి జాఱి తన జన్మసంవత్సరమును గూర్చి సాక్ష్యమిచ్చుచున్న సంగతి నెఱుగడు. ఆయన గడ్డము గీయబడినది, మీసము కత్తిరింపబడినది, పలువరుస కట్టించినది, నుదుటి కుంకుమబొట్టు సైతము పుట్టుకతో వచ్చినది కాదు. ఇన్ని సంస్కారముల పిమ్మట మిగిలినదానిని ఆయన తన సహజముఖమనును. తిరుమల కొండపై వేంకటేశ్వరస్వామికి శుక్రవారపు అభిషేకము ముగిసిన పిమ్మట పచ్చకర్పూరముతో నామము దిద్దుదురు. దిద్దించుకొనుటకు స్వామి యెన్నడును సంకోచించినట్లు వినలేదు. భగవంతునికి లేని యభ్యంతరము మన పెద్దమనుష్యునికి ఎచ్చటనుండి సంక్రమించినదో నాకు దురవగాహము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది మా మేనకోడలు. విజయవాడలో పెండ్లికూతుండ్రకు మేకప్పు చేయుట ఆమె వృత్తి. ఆమెను ఇంజనీరింగు చదివించిన మా బావగారు "అప్పు చేసి చదివించింది ఇందుకా?" అని ఇంటికి వచ్చిన ప్రతివారి యెదుటను నిట్టూర్చుచుండగా, ఆమె ఒకనాడు "కొలతలూ, వెలుతురూ, రసాయనాలూ... నేను చదివిందే చేస్తున్నాను నాన్నా. వంతెనలు ఏడవవు, పెళ్లికూతుళ్లు ఏడుస్తారు. అంతే తేడా" అని సమాధానము చెప్పినది. కన్నీటికి చెదరని కాటుకను, చెమటకు కరుగని పూతను కనిపెట్టుట వంతెన కట్టుటకంటె సులభమని చెప్పుటకు ఇంజనీరు గాని నాకు ధైర్యము చాలలేదు.

ఆమె తన తల్లిని, అనగా మా అక్కను, కిటికీ యెదుట కూర్చుండబెట్టి అభ్యాసము చేయుచుండగా నేను ఆసాంతము చూచితిని. కన్నుల క్రింది నలుపునకు నారింజఛాయ గల లేపనమును, ముక్కుప్రక్కనున్న ఎఱ్ఱని మచ్చకు ఆకుపచ్చని లేపనమును అద్దగా, మా అక్క అద్దములో చూచుకొని "ఏమిటే ఈ పచ్చ? పొట్లకాయలా ఉన్నాను" అని కేకవేసినది. ఎఱుపును ఆకుపచ్చ అణచుననియు, నీలపు నీడను నారింజ అణచుననియు, వర్ణచక్రమున ఎదురెదురుగా నిలుచు రంగులను కలిపినచో రెండును తమ పొగరు విడిచి ఒక తటస్థమైన వన్నెకు దిగివచ్చుననియు అమ్మాయి బోధించినది. భార్యాభర్తల విషయమున నేను చిరకాలముగా గమనించిన ధర్మము రంగులయందును గలదని తెలిసి సంతసించితిని. పిమ్మట ఆమె చర్మపువన్నెకంటె ముదురైన పూతను చెక్కిలియెముక క్రిందను దవడ యంచునను, లేతపూతను ముక్కుదూలముపైనను ఉంచి, రెంటికి నడుమనున్న పొలిమేర తెలియరాకుండ తడిస్పాంజితో అద్ది అద్ది కలిపివేసినది. చీకటి వెనుకకు పోవును, వెలుతురు ముందుకు వచ్చును. చిత్రకారులు గుడ్డపై చేయు గారడీ యంతయు ఇంతియే. ఒక్క యెముకయైనను కదలకుండ మా అక్క ముక్కు సన్నబడినది. బావగారు గదిలోనికి వచ్చి చూచి, ఒక నిమిషము నిలిచి, మారుపలుకక వెళ్లిపోయిరి. నాటినుండి ఇంజనీరింగు అప్పును గూర్చిన నిట్టూర్పు ఆ యింట వినబడలేదు.

ఇదంతయు నేటి కాలపు వింతయని తలంచువారు భరతుని నాట్యశాస్త్రమును తిరుగవేయవలెను. ఆంగిక వాచిక సాత్త్వికాభినయములతో సమానముగా, వేషభూషలగు ఆహార్యమునకు పీటవేసిన ఆ మహర్షి, దానిని పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని నాలుగుగా విభజించి, అంగరచనకు తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు అను నాలుగు మూలవర్ణములను విధించి, తెలుపును పసుపును కలిసిన పాండువర్ణమనియు, తెలుపును ఎఱుపును కలిసిన పద్మవర్ణమనియు, పసుపును నీలమును కలిసిన హరితమనియు మిశ్రమములకు సైతము నామకరణోత్సవము జరిపించి, ఏ పాత్రకు ఏ వన్నె తగునో నిర్ణయించిపెట్టెను. జీవుడు ఒక దేహమును విడిచి వేఱొక దేహమున ప్రవేశించినట్లు, రంగు పూసికొన్న నటుడు తన స్వభావమును విడిచి పరస్వభావమును గ్రహింపవలెనని ఆయన యాదేశము. పరకాయప్రవేశమునకు శంకరాచార్యులవారికి యోగబలము కావలసివచ్చినది. సామాన్యులకు రెండు డబ్బాలు, ఒక కుంచె చాలునని భరతుడు దయతలచినాడు.

ఐతే ఈ కళ తన యుపాసకుల యొద్దనుండి గ్రహించిన కప్పము తక్కువది కాదు. మన వేషగాండ్రు ముఖమునకు పచ్చని మెఱుపు నిచ్చుటకు పూసికొన్న అరిదళము, ఆర్సెనిక్కును గంధకమును కూడిన ఖనిజము. పాత్రకు తేజస్సును, పాత్రధారికి గండమును ఏకకాలమున ప్రసాదించునట్టిది. ఐరోపా కులీనస్త్రీలు తెల్లదనమునకై పూసికొన్న సఫేదా సీసమునుండి పుట్టినది. సౌందర్యమునకు ప్రసిద్ధికెక్కిన మరియా గన్నింగ్ అను కవెంట్రీ ప్రభుపత్ని 1760లో పిన్నవయసుననే మరణించుటకు ఆ పూతలే కారణమని చెప్పుదురు. 1873లో బెర్లినునందు లుడ్విగ్ లైక్నర్ అను సంగీతనాటక గాయకుడు, తోటినటుల ముఖములపై జాలిగొనియో తన ముఖముపై ప్రీతిచేతనో, కొవ్వుతో కలిపిన రంగుబత్తీల వ్యాపారము నారంభించెను. ఆ బత్తీలకు అంకె లుండెడివి. 5వ నంబరు దంతపువన్నె, 9వ నంబరు ఇటుక యెఱుపు. ఈ రెంటిని కలిపి రుద్దుకొనుటయే ఆంగ్లరంగస్థలముపై తరముల పర్యంతము ఆరోగ్యలక్షణముగా చెల్లినది. చలనచిత్రములు వచ్చిన పిమ్మట మఱియొక చిక్కు పుట్టినది. ఆనాటి ఫిలిము ఎఱుపును నలుపుగా చూచుటచే, తాంబూలరాగరంజితమైన పెదవులతో నిలిచిన నాయిక తెరమీద నల్లపెదవులతో ప్రత్యక్షమై రాక్షసపక్షమున చేరిపోవు ప్రమాదముండెడిది. పోలండునందు జన్మించి అమెరికాకు వలసపోయిన మాక్స్ ఫాక్టర్ 1914లో సినిమాలకై పలుచని రంగును, రంగులచిత్రముల రాకతో 1937లో పాన్‌కేక్ అను పూతను సృష్టించి తారాలోకమునకు ప్రాణదాత యయ్యెను.

మన తెలుగునాట నటుల సంగతి చెప్పవలెనన్న, 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగమునకు వచ్చినప్పుడు, ప్రేక్షకులలోని స్త్రీలు ఆయన చీరకట్టును చూచి నేర్చుకొనిరని ప్రతీతి. 1956లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. రంగు పూసికొనుట అబద్ధమే యైనచో, ప్రభుత్వము అబద్ధమునకు బిరుదమిచ్చిన దనవలసియుండును. అట్టి మాట యనుటకు నావంటి పింఛనుదారుడు సాహసింపడు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామ తెరమీదుగా జడను వేసి సవాలుచేయునప్పుడు, ఆ జడ సవరమా సహజమా అని విచారించినవాడు రసికుల జాబితానుండి తనపేరు తానే కొట్టివేసికొన్నవాడు.

వీరందఱికిని దీపముల సాయమైనను ఉండెడిది. పగటివేషగాండ్రకు అదియును లేదు. వారి రంగస్థలము నడివీధి, వారి దీపము మిట్టమధ్యాహ్నపు సూర్యుడు, వారి ప్రేక్షకుడు మూరెడు దూరమున అరుగుపై కూర్చుండి తప్పులు వెదకు కరణముగారు. అర్ధనారీశ్వర వేషమున ముఖమును నట్టనడుమ చీల్చి, ఒకవైపు మీసము, విభూతి, మఱియొకవైపు కాటుక, ముక్కుపుడక తీర్చుకొని, చేతితెరతో సగము మఱుగుపఱచుచు శివుడై గర్జించి, గిఱ్ఱున తిరిగి పార్వతియై సిగ్గుపడు ఆ కళాకారుడు, ఆలుమగల సంవాదమును ఒక్క మెడపై మోయుట చూచినవారికి, ముఖము దేవుడిచ్చిన స్థిరాస్తి యను భ్రమ తొలగిపోవును. ఇక పులివేషమువాని సంగతి. ఒడలెల్ల రంగుపూతతో పగలంతయు డప్పుల నడుమ గాండ్రించి, రాత్రి కిరసనాయిలుతో ఆ చారలను రుద్ది రుద్ది వదల్చుకొనువాని మూలుగు విన్నవాడు, పులియగుటకంటె తిరిగి మనుష్యుడగుటయే కష్టమని గ్రహించును.

నాకును ఈ మహావిద్య ఒకమాఱు దీక్ష యిచ్చినది. మా కాలనీ సంఘమువారు ఉగాదికి తిరుపతి వేంకటకవుల నాటకమునుండి రాయబారఘట్టము ప్రదర్శింప నెంచి, ధృతరాష్ట్రుని పాత్రకు నన్ను ఏకగ్రీవముగా ఎన్నుకొనిరి. కన్నులు మూసికొని కూర్చుండి, ఎదుట జరుగు అన్యాయమునకు అప్పుడప్పుడు నిట్టూర్చుట తప్ప ఆ పాత్రకు వేఱు పనిలేదనియు, ఆ విద్యలో నాకు ఉద్యోగకాలమునుండియు సాధన గలదనియు వారి యభిప్రాయము. మేకప్పునకై తెనాలినుండి ఒక వృద్ధుని రప్పించిరి. రేకుపెట్టె, గాజుసీసాలు, జిగురు, గడ్డముల మూట, తెల్లని తువ్వాలు: ఇది ఆయన సర్వస్వము. సాయము చేయవచ్చిన మా మేనకోడలు తన పెట్టె తెఱచి కుంచెలను వరుసగా పేర్చగా ఆయన వానిని పరకాయించి చూచి "ఇన్నెందుకు తల్లీ? దేవుడు చేతికి అయిదు ఇచ్చాడుగా" అని వ్రేళ్లు చూపెను.

"ఇప్పుడంతా దగ్గరనుంచి ఫొటోలు తీస్తారు తాతగారూ. గీత గీసినట్టు కనపడకూడదు" అని ఆమె.

"ఆఖరి వరసలో కూర్చున్నవాడు చూడటానికి రాలేదా అమ్మా? వాడికి గీత కనపడాలి" అని ఆయన.

కళాశాస్త్రమున ఇంతకంటె లోతైన వివాదమును నేను వినియుండలేదు. దగ్గఱివానికి నిజము, దూరపువానికి స్పష్టత: రెండును ఒకే ముఖముపై ఇమడవు. తుదకు సంధి కుదిరినది. కుడిచెంప తెనాలికిని, ఎడమచెంప విజయవాడకును పంచియిచ్చి, నేను గోడకు చేరగిలబడితిని. ముడుతను గీయునప్పుడు నల్లగీత యొక్కటియే చాలదనియు, దానిని ఆనుకొని ఒక తెల్లగీత నడిచిననే చర్మము మడతపడినట్లుండుననియు ఆ వృద్ధుడు చెప్పుచుండగా, అమ్మాయి తన పరిభాషలో అదే మాటను అప్పగించినది. ఇరువురును ఒకరినొకరు చూచుకొని నవ్విరి. అంతలో ఆయన నా నుదురు పరీక్షించి "బాబుగారికి కొత్తగా గీయక్కర్లేదమ్మా. ఉన్నవాటిని కాస్త పైకి తెస్తే చాలు" అని తీర్పు చెప్పెను. ఇరువది మంది యెదుట ఆ మాట యనిపించుకొనుటకై నేను చందా కూడ నిచ్చియుంటిని.

గడ్డము అంటించి కిరీటము పెట్టినంతనే లోకము మాఱినది. టీ తెచ్చు కుఱ్ఱవాడు రెండుచేతులతో గ్లాసందించెను. మేడమీది నీళ్లట్యాంకు కారుచున్నదని నేను వ్రాసికొన్న విజ్ఞాపనలను చిరకాలముగా మౌనముతో సత్కరించుచున్న సంఘకార్యదర్శిగారు తెరవెనుకకు వచ్చి, నన్ను చూచి, అసంకల్పితముగా చేతులు కట్టుకొని నిలిచిరి. రంగుమహిమచేత నా కంఠమున ఎన్నడును లేని గాంభీర్యము ప్రవేశించినది. "ట్యాంకు సంగతేం చేశారు?" అని హస్తినాపురాధీశుని స్వరమున ప్రశ్నించితిని. "రేపే మనిషిని పంపిస్తానండి" అని ఆయన తడబడిరి. మఱునాడు నిజముగనే ప్లంబరు వచ్చి ట్యాంకు బాగుచేసిపోయెను. ఆ సాయంకాలము, కొబ్బరినూనెతో ముఖము తుడుచుకొని ప్రజాసామాన్యమున కలిసిపోయిన నాకు లిఫ్టులో కార్యదర్శిగారు ఎదురుపడి, "తమరు ఏ ఫ్లాటులో ఉంటారు?" అని విచారించిరి.

నాటినుండి నాకొక సిద్ధాంతము స్థిరపడినది. రంగు ముఖమును దాచునని చెప్పుట సగము సత్యము. దాచుట మాత్రమే యైనచో గుడ్డ యొకటి కప్పుకొన్న చాలును. ఇన్ని కుంచె లెందులకు? ముఖముపై దిద్దు ప్రతి గీతయు తన్ను ఎట్లు చూడవలెనో లోకమునకు చేయు విన్నపము. ధృతరాష్ట్రుడను గాకపోయినను, సమాధానము పొందుటకు అర్హుడనని నేను చెప్పదలచిన మాట అబద్ధము కాదు. ఆ మాటను నా సహజముఖము చెప్పలేకపోయినది, పూతముఖము చెప్పగలిగినది. ఉద్యోగమున చేరబోవు పిల్ల పెదవికి అద్దు రంగును, పెండ్లికూతురి కాటుకయు, కంటిచివర నీలపురెక్క దిద్దుకొని కళాశాలకు పోవు చిన్నదాని చిలిపితనమును ఈ కోవలోనివే. మఱియు తక్కిన చిత్రకారులు తమ చిత్రమును గోడకు తగిలించి తృప్తిగా చూచుకొందురు. ముఖమున రంగు దిద్దుకొనువారో, తాము దిద్దిన చిత్రమును పరుల కన్నులకు సమర్పించి, దాని వెనుక తాము నిలిచి, సాయంకాలమునకు తుడిచివేయుదురు. ఇంతటి నిస్స్వార్థకళను డాంబికమనుట న్యాయము కాదు.

శాస్త్రచర్చ యెట్లున్నను, అనుభవము మఱియొకటి చెప్పి ముగించెదను. పింఛనుదారులు ఏటేట నవంబరునందు తాము జీవించియున్నట్లు ఋజువు చూపవలెను. ఇప్పుడు సెల్‌ఫోను కెమేరా యెదుట ముఖము చూపి ఱెప్పలార్చిన చాలునని విని, శుభ్రముగా స్నానముచేసి, ఏ పూతయు లేని నా ముఖమును దానికి నివేదించితిని. గుర్తింపజాలనన్నది. మరల చూపితిని, మరల కాదన్నది. మా మేనకోడలు వచ్చి చూచి, "నుదురు జిడ్డుగా మెరుస్తోంది మామయ్యా, లైటు పడి ముఖం కనపడట్లేదు. కదలకండి" అని, తన డబ్బాలోని పౌడరును నుదుటను ముక్కుపైనను పలుచగా అద్ది, కిటికీవైపు తిప్పి నిలిపినది. యంత్రము తక్షణమే నన్ను గుర్తించి, సజీవుడనని ధ్రువపఱచినది. నా సహజముఖమునకు బ్రదుకు లేదని తేల్చిన యంత్రమే, రంగు తాకిన ముఖమునకు ఆయుర్దాయమును, పింఛనును మంజూరు చేసినది. ఇందు సత్యమునకు లోపము జరిగినదని ఎవరైన ఆక్షేపించినచో సావధానముగా వినెదను గాని, ఆ పైకము మాత్రము తిరిగి పంపజాలను.