గుమ్మడికాయ కొట్టని షూటింగ్

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు రెండు కాయలు ముఖ్యం. షూటింగ్ మొదలైన రోజున కొబ్బరికాయ, ముగిసిన రోజున గుమ్మడికాయ. ఈ రెండింటి నడుమ నెలల తరబడి లైట్లు తుడిచేవారికి, కేబుళ్లు చుట్టేవారికి, జనరేటర్‌లో డీజిల్ చూసేవారికి ఏ కాయా లేదు కనుక వారి ఫొటో పేపర్లోకి ఎక్కదు. ఫిల్మ్‌నగర్ నిష్ఠగా పాటించే ఈ ఆచారాన్ని, దాని పొరుగునే ఉన్న జూబ్లీహిల్స్ మొదలుకొని మండల కేంద్రాల దాకా స్కానింగ్ గదులు మరొక మెట్టు పైకి తీసుకుపోయాయి. అక్కడ కొబ్బరికాయ మాత్రమే ఉంటుంది. యంత్రం వచ్చిన రోజున పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, రిబ్బను, వీలైతే ఒక నటుడు హాజరవుతారు, ఆ మరుసటి రోజు నుంచి యంత్రం బాధ్యతను ఆ దేవుడికే వదిలేస్తారు.

అల్ట్రాసౌండ్ యంత్రంలో కథానాయకుడు ఎవరన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. చూసేవారి కళ్లు తెర మీదనే నిలుస్తాయి కనుక తెరను పూటపూటా తుడుస్తారు, రాత్రివేళ దానికి కవరు తొడుగుతారు. అసలు నటన మాత్రం ప్రోబ్‌ది. ప్రోబ్ అంటే వైద్యుడు జెల్లీ రాసిన పొట్టపై ఆనించి కదిపే, చేతిలో ఇమిడే పరికరం. దాని మూతిలో ఉండే ముక్కలు విద్యుత్తు తగిలితే కంపిస్తాయి, కంపనం తగిలితే విద్యుత్తు పుట్టిస్తాయి. నొక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికాలను క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. ఈ ముక్కలు చెవికి అందని ధ్వనిని శరీరంలోకి పంపి ప్రతిధ్వనిని పట్టుకుంటే, మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లన్న లెక్కతో యంత్రం ఆ ప్రతిధ్వని ఎంత లోతు నుంచి వచ్చిందో తేల్చి తెరపై చుక్క పెడుతుంది. ప్రోబ్ విన్నదే తెర చూపుతుంది. ప్రోబ్‌కు చెవుడు వచ్చాక తెరను ఎంత తుడిచినా ప్రయోజనం ఉండదు.

ఒక మామూలు ప్రోబ్‌లో ఇటువంటి ముక్కలు 128 దాకా వరుసగా పేర్చి ఉంటాయి. వాటి బతుకు కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల బతుకు వంటిది. జాతర సీనుకు రెండు వందల మంది కావలసి ఉండగా నూట ఎనభై మందే వస్తే, అసిస్టెంట్ డైరెక్టర్ ఉన్నవారినే కాస్త ఎడంగా నిలబెట్టి కెమెరాకు జనం నిండుగా కనబడేటట్టు చేస్తాడు. అదే విధంగా ప్రోబ్‌లో రెండు మూడు ముక్కలు చచ్చినా, బొమ్మలోని ప్రతి గీతనూ అనేక ముక్కలు కలిసి గీస్తాయి కనుక, ఆపైన సాఫ్ట్‌వేర్ దానిని నునుపు చేస్తుంది కనుక, లోపం నల్లని చారగా బయటపడక కొద్దిపాటి మసకగా మిగిలిపోతుంది. ఆ మసకకు నింద రోగి కొవ్వు మీదనో, రోగి తాగని నీళ్ల మీదనో పడుతుంది. స్వీడన్‌లోని 32 ఆసుపత్రుల్లో 676 ప్రోబ్‌లను పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 39.8 శాతం లోపభూయిష్ఠమని తేలింది. అవేవీ మూలన పడేసినవి కావు, రోజూ రోగులను చూస్తున్నవే.

ప్రోబ్‌కు ఈ గతి పట్టడానికి ప్రతినాయకుడు అక్కరలేదు. దాని కేబుల్‌లో వెంట్రుకల వంటి తీగలు వందకు పైగా ఉంటాయి. యంత్రాన్ని పక్క గదికి తోసినప్పుడు దాని చక్రమే ఆ కేబుల్ మీదుగా పోతుంది. ప్రోబ్ ముఖానికి ఉండే మెత్తని పొరను తయారీదారు అనుమతించిన ద్రవంతోనే తుడవాలని పుస్తకంలో ఉంటుంది. పుస్తకం బీరువాలో ఉంటుంది, స్పిరిట్ చేతికి అందేచోట ఉంటుంది. స్పిరిట్ తగిలి తగిలి ఎండిన పొర లోపలి పొర నుంచి విడివడితే వాటి నడుమ గాలి చేరుతుంది. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య గాలి లేకుండా చేయడానికి జెల్లీ రాసేవారు ప్రోబ్‌లోపలికి చేరిన గాలిని గమనించరు. స్వీడన్ లెక్కలో అన్నింటికంటే ఎక్కువగా కనిపించిన లోపం ఇలా పొరలు విడివడటమే.

యంత్రం దేహానిది మరొక కథ. లోపలి బోర్డులు వేడెక్కకుండా ఫ్యాన్లు గాలిని లాగుతాయి, ఆ గాలిలోని ధూళిని ఫిల్టర్ ఆపుతుంది. జూబ్లీహిల్స్‌లో ఏదో ఒక మూల పాత బంగళా కూలుతూ, రాయి పగులుతూ, సెల్లార్ లేస్తూనే ఉంటుంది కనుక ఫిల్టర్‌కు ధూళి కరువు లేదు. పైగా ఆ ప్రాంతమంతా గ్రానైటు గుట్ట. లీకైన విద్యుత్తును నేలలోకి పంపే ఏర్పాటయిన ఎర్తింగ్‌కు తేమగల మట్టి కావాలి, రాయి పనికిరాదు. అందుకే గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ నింపి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. లాన్‌కు రెండు పూటలా తడి పెట్టే ఆవరణలో ఈ గుంతకు మాత్రం నీటి ఎద్దడి ఉంటుంది. ఆపైన తెర మీద గీతలు కనిపిస్తే కంపెనీని తిట్టడం ఆనవాయితీ.

తిట్లకు ప్రాతిపదిక ఒప్పందాల్లో దొరుకుతుంది. ఏఎంసీ అంటే ఇంజినీరు ఏడాదిలో కొన్నిసార్లు వచ్చి చూసిపోయే వార్షిక ఒప్పందం, విడిభాగాల ఖర్చు యజమానిది. సీఎంసీ అంటే విడిభాగాలు కూడా కలిసిన సమగ్ర ఒప్పందం. నిఘంటువులో సమగ్రం అంటే అంతా అని అర్థం, ఒప్పందాల్లో మాత్రం తరచుగా ‘ప్రోబ్ మినహా అంతా’ అని అర్థం. హీరో కాల్‌షీట్లు తప్ప అన్నీ సిద్ధంగా ఉన్న సినిమాకు అడ్వాన్సు ఇవ్వని నిర్మాత కూడా, స్కానింగ్ సెంటర్‌లో వాటా తీసుకున్నప్పుడు ఈ కాగితంపై సంతకం చేయగలడు. వచ్చిన ఇంజినీరుకు ఇద్దరు రోగుల మధ్య పావుగంట దొరుకుతుంది, యంత్రం ఆగితే దాని మీది బ్యాంకు వాయిదా ఆగదు కనుక. ఆ పావుగంటలో తెర తుడుస్తారు, ‘పనితీరు సంతృప్తికరం’ అని రాస్తారు.

ప్రభుత్వం ఈ రంగంలో వెనకబడి లేదు. జాతీయ ఆరోగ్య మిషన్ లెక్కించగా, ప్రభుత్వ ఆసుపత్రుల వైద్య పరికరాల్లో రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదని తేలింది. 2015లో మొదలైన నిర్వహణ పథకం జిల్లా ఆసుపత్రుల పరికరాలు 95 శాతం కాలం పనిచేస్తూ ఉండాలని నిర్దేశించింది. ఆగిన యంత్రం నిజాయతీగా ఆగింది కనుక లెక్కకు అందుతుంది; చెవుడు వచ్చినా నడుస్తున్న యంత్రం ఆ 95లోనే హాయిగా ఇమిడిపోతుంది.

ఇక చట్టం. లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, దాని నియమాల ప్రకారం, స్కానింగ్ యంత్రాన్ని రిజిస్ట్రేషన్ లేనివారికి అమ్మరాదు, యంత్రాన్ని మార్చదలిస్తే 30 రోజుల ముందే అధికారులకు తెలపాలి. ఫిల్మ్ చాంబర్‌లో సినిమా టైటిల్ నమోదుకు కూడా ఇంత పట్టింపు లేదు. ఆడపిల్లల ప్రాణాలతో ముడిపడిన ఈ కట్టడి అవసరమే. అయితే ఎక్స్‌రే యంత్రానికి రెండేళ్లకొకసారి నాణ్యతా పరీక్ష జరపాలనే అణుశక్తి నియంత్రణ మండలి, రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్ జోలికి రాదు. అందువల్ల యంత్రం చూసి ఏమి చెప్పకూడదో గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది సరిగా చూస్తున్నదా అని అడిగే కాగితం ఆ గోడ మీద ఉండదు.

అడగడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ప్రోబ్‌ను జెల్లీ లేకుండా పొడిగా ఉంచి, సాగదీసిన ఒక పేపర్ క్లిప్‌ను దాని ముఖం మీద ఒక చివర నుంచి మరొక చివరకు మెల్లగా జరిపితే, బతికి ఉన్న ముక్క దగ్గర తెరపై చార మెరుస్తుంది, చచ్చిన ముక్క దగ్గర ఆరిపోతుంది. కొబ్బరికాయ పీచు ఒలిచేంత సేపట్లో ముగిసే ఈ పరీక్షకు రిబ్బను లేదు, నటుడు లేడు, ప్రతి నెలా మళ్లీ చేయవలసి ఉంటుంది కనుక గుమ్మడికాయ కొట్టే రోజు కూడా రాదు. అందుకే అది జరగదు. ఏదో ఒక రోజు యంత్రమే పూర్తిగా ఆగుతుంది, దాని స్థానంలో కొత్తది వస్తుంది, పాత ఫిల్టర్‌ను ఒక్కసారీ దులపని చేతులే భక్తితో మరొక కొబ్బరికాయ అందుకుంటాయి.