పోటు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పోటు తిథిని చూచి పోవలె నడకకు
ఎలుగు కందకుండ నెత్తు డబ్బ
చీటి లేనివాడు చేరడు కడలిని
కాలు తడవకున్న ఘనుడె ఘనుడు

అవతారిక: కర్త ఎవరో తెలియదు. కాలిఫోర్నియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చాటువని వినికిడి. సందర్భం మాత్రం స్పష్టమే: ఆ రాష్ట్రపు ఉత్తర తీరంలోని లాస్ట్ కోస్ట్. అక్కడ కింగ్ రేంజ్ కొండలు నాలుగు వేల అడుగుల ఎత్తు నుంచి తిన్నగా సముద్రంలోకి దిగుతాయి. ఒకటో నంబరు హైవే వేసినవాళ్లు కూడా దండం పెట్టి, రోడ్డును లోపలికి మళ్లించుకున్నారు. మెటోల్ నది సముద్రంలో కలిసేచోటి నుంచి షెల్టర్ కోవ్ దాకా సుమారు 25 మైళ్లు, ఎక్కువమందికి మూడు రోజుల నడక. అలాంటి నడకకు సెలవు పెట్టబోతున్న మిత్రుణ్ణి కవి హెచ్చరిస్తున్నాడు.

ప్రతిపదార్థం: పోటు తిథిని = సముద్రం పొంగే వేళను; చూచి = ముందే పరిశీలించి (అక్కడికి వెళ్లాక కాదు); నడకకు = వీపున ఇల్లు మోస్తూ చేసే నడకకు; పోవలె = వెళ్లవలెను; ఎలుగుకు = నల్ల ఎలుగుబంటికి; అందకుండ = (తిండి) చిక్కకుండా; డబ్బ = గట్టి మూత డబ్బాను; ఎత్తు = మోయుము; చీటి = రాత్రి బసకు ముందే తీసుకోవలసిన పర్మిట్ (చీటీపాట కాదు; దొరకడంలో మాత్రం పోలిక ఉంది); లేనివాడు = లేనట్టివాడు; కడలిని చేరడు = కారు దగ్గరే ఆగును. మిగతాది సులభం.

విశేషాలు: మొదటి పాదమే పద్యానికి ప్రాణం. ఈ దారిలో నాలుగేసి మైళ్ల ముక్కలు రెండున్నాయి. ఒక పక్క కొండ గోడ, ఒక పక్క పసిఫిక్, నడుమ రాళ్ల ఒడ్డు. పోటు వస్తే ఆ ఒడ్డు మాయమవుతుంది. ఎక్కుదామంటే కొండ ఒప్పుకోదు. కనుక ఆటు నడుస్తుండగా అడుగుపెట్టి, నీరు మళ్లకముందే బయటపడాలి. పోటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. ‘తిథి’ అనడంలో కవి గడుసుతనం ఉంది: పౌర్ణమి, అమావాస్యలకు పోటు మరీ ఎక్కి, ఆటు మరీ దిగుతుంది, అష్టమి దగ్గర రెండూ మెత్తబడతాయి. అయితే పంచాంగం గంటలు చెప్పదు. అందుకు అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) వేసే పోటు పట్టికే శరణ్యం. అలలు పెద్దవైతే దాన్నీ పూర్తిగా నమ్మరాదు. మేనేజరు ఇచ్చిన శుక్రవారానికి సముద్రాన్ని సర్దే ప్లాను ప్లానే కాదు. చంద్రుణ్ణి అడిగాకే మేనేజరును అడగాలి.

రెండో పాదం మొదట సంధి చేయలేదేమని పండితులు అడగవచ్చు. ఎలుగుబంటి ఎదురైతే సంధి చేసుకునేదెవరు? ఇక ‘ఎత్తు’ అంటే చెట్టుకు కట్టమని ఒక వ్యాఖ్య ఉంది, అది అపార్థం. డబ్బాను రాత్రి గుడారానికి దూరంగా నేలమీదే ఉంచాలి. పులిహోర, ఆవకాయలే కాదు, సబ్బు, టూత్‌పేస్టు కూడా అందులోకే. ఖాళీగానే కిలో తూగే ఈ డబ్బా అక్కడ తప్పనిసరి.

నాలుగో పాదం అతిశయోక్తి. దారిపొడుగునా వాగులు దాటాలి, కాలు తడవని ఘనుడు పుట్టలేదు. జత మేజోళ్లు అదనంగా పెట్టుకోమని ధ్వని.

గాలి సంగతి కవి వదిలేశాడు, లోపమే. అక్కడ ఎక్కువగా వాయవ్యపు గాలి వీస్తుంది. అందుకే ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తారు. కారు షెల్టర్ కోవ్‌లో వదిలి, షటిల్ బండిలో మెలికల రోడ్డున ఉత్తర కొసకు వెళ్తారు.

తాత్పర్యం: పోటు చూసుకో, డబ్బా మొయ్యి, పర్మిట్ తియ్యి, తడుస్తావు.

పాఠకులకు మనవి: పోటు పట్టికను కాగితంమీద అచ్చు తీసి పెట్టుకోండి. ఆ తీరంలో చాలా దూరం ఫోనుకు సిగ్నల్ అందదు.