బాబాయి ఓటు

మా బాబాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకుని కాచుకుని, చివరికి 2024 వేసవిలో అమెరికా పౌరుడయ్యాడు. ప్రమాణం చేసి ఇంటికొచ్చిన రోజే పిన్నితో చెప్పేశాడు. "వాట్సాప్‌లో వచ్చేవి చూసి ఓటెయ్యను. ఎవరేం చేస్తామంటున్నారో నేనే చదివి తేల్చుకుంటాను."

ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి పేజీకి నడిమధ్య గీత కొట్టాడు. ఎడమ హారిస్, కుడి ట్రంప్. ప్రమాణం దగ్గర ఇచ్చిన కాగితాల్లోంచి ఒక అట్టముక్క తీసి పేజీకి గుర్తుగా పెట్టుకున్నాడు. నాది హెచ్-1బీ, ఓటు లేదు. అయినా శనివారం వచ్చిందంటే ఆ పుస్తకం చూడ్డానికే వెళ్లేవాణ్ణి.

పన్నుల పేజీ తొందరగానే నిండింది. టిప్పులు, ఓవర్‌టైమ్, సోషల్ సెక్యూరిటీ మీద పన్ను తీసేస్తానని ట్రంప్. ఏడాదికి 4 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు పన్ను పెంచననీ, మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు 25 వేల డాలర్ల దాకా సాయం చేస్తాననీ హారిస్. బండి ఆగింది సుంకాల దగ్గర. చైనా సరుకు మీద 60 శాతం, మిగతా దేశాల సరుకు మీద 10 నుంచి 20 శాతం అంటున్నాడు ట్రంప్. "ఈ సుంకం కట్టేది చైనా కాదురా, సరుకు దించుకునే ఇక్కడి కంపెనీ. అది చివరికి ధరలో కలుస్తుంది. మరి ఇక్కడి ఫ్యాక్టరీకి ఒరిగేదెంత? అదీ రాయాలిగా" అని రెండు వైపులా రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు.

వలసల పేజీ తిప్పినప్పుడు నా వైపు చూశాడు. ఇక్కడ చదివినవాళ్లకు డిగ్రీతో పాటే గ్రీన్‌కార్డు ఇవ్వాలని జూన్‌లో ట్రంప్ అన్న మాటా, ఆ తర్వాత ఆయన ప్రచారం వాళ్లు పెట్టిన షరతులూ పక్కపక్కనే ఉన్నాయి. కింద ఎర్ర సిరాతో ఇంకో ముక్క: "ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితిని మార్చాల్సింది కాంగ్రెస్." ఇంత నిజాయితీగా ఓటు గురించి ఆలోచించిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

అంతా అయిపోయిందనుకున్నాక, అక్టోబరు 8న హారిస్ కొత్త మాట చెప్పారు. ఇంటి దగ్గరే వృద్ధుల్ని చూసుకునే ఖర్చును మెడికేర్‌లో చేరుస్తారట. మా నానమ్మ ఉండేది బాబాయి దగ్గరే. ఆ రాత్రి వైద్యం పేజీ మొత్తం తిరగరాశాడు.

12న విజయదశమి. పూజయ్యాక నోటుపుస్తకం మూసి, "తేలిపోయింది" అన్నాడు.

"ఎవరికి బాబాయ్?"

"అది మాత్రం చెప్పను."

పండక్కి ఆస్టిన్ నుంచి వచ్చిన చెల్లెలు ఫోన్ తీసింది. "21 నుంచి ముందస్తు ఓటింగ్ నాన్నా. లిస్టులో నీ పేరు చూస్తానుండు." పేరు, పుట్టిన తేదీ కొట్టింది. రాలేదు. మళ్లీ కొట్టింది.

"నమోదు కార్డు పోస్టు చేశావా?"

"ఏ కార్డు? పౌరసత్వం వచ్చాక పేరు అదే ఎక్కుతుందిగా!"

చెల్లెలు మాట్లాడకుండా నోటుపుస్తకం తెరిచి, పేజీ గుర్తుగా పెట్టిన అట్టముక్క తీసింది. టెక్సస్ ఓటరు నమోదు కార్డు. ఒక్క గడీ నింపలేదు. స్టాంపు కూడా అంటించక్కర్లేని కార్డు అది.

"పెన్నివ్వు, ఇప్పుడే పోస్టులో వేసేస్తా" అంటూ బాబాయి లేచాడు.

టెక్సస్‌లో ఓటరుగా పేరు నమోదు చేసుకోవడానికి గడువు పోలింగుకు నెల ముందే ముగుస్తుంది. ఆ ఏడు చివరి రోజు అక్టోబరు 7.