ఫిల్ములో దొరకని చిప్ప

మా చిట్టికి మోకాలి చిప్ప జారుతోందని పశువుల డాక్టరు చేత్తో పట్టి చూసి చెప్తే నేను నమ్మలేదు. బెంగళూరులో తీయించిన ఎక్స్‌రేను నమ్మినాను. ఆ నమ్మకంతోనే దాన్ని జత కట్టించినాను.

చిట్టి పొమెరేనియన్ కుక్క. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనక కాలు ఎత్తేసి మూడు కాళ్ల మీద గెంతేది. కాసేపటికి ఆ కాలు వెనక్కి చాపి విదిలించి, ఏమీ కానట్టు మళ్లీ పరిగెత్తేది. ముల్లు గుచ్చుకుందేమో అనుకునేవాణ్ణి. మా గోరంట్లలో తుమ్మముళ్లకేం కొదవ? జబ్బే అయితే ఎప్పుడూ కుంటాలి కదా అని నా లెక్క.

డాక్టరు దాన్ని పక్కకు పడుకోబెట్టి, కాలు చాపి, పాదాన్ని లోపలికి తిప్పుతూ బొటనవేలితో చిప్పను నెట్టినారు. టక్కున జారింది. వదిలినా రాలేదు, పాదాన్ని బయటికి తిప్పి నెడితే వెనక్కొచ్చింది. "రెండో దశ సార్. దీనికి పిల్లలు వేయించొద్దు" అన్నారు. గొర్రెలు, ఆవులు చూసే మనిషికి ఇంత చిన్న కుక్క సంగతి ఏం తెలుస్తుందని మనసులో అనుకున్నాను. ఆయన ముందు తల ఊపి, కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగళూరు పోయినాను. ఫిల్ములో చిప్ప చక్కగా తన చోటే ఉంది. నాకు అంతే చాలింది.

తొడ ఎముక కింది కొసలో ఒక గాడి ఉంటుంది. బావి గిలక మీద తాడులాగా చిప్ప అందులో పైకీ కిందికీ కదలాలి. గాడి లోతు తక్కువైనా, ఎముక వంకరైనా, చిప్ప కింది పట్టీ అతుక్కునే బొడిపె పక్కకు జరిగినా తాడు తప్పుతుంది. చిన్న జాతుల్లో ఎక్కువగా లోపలి వైపుకే. దెబ్బ తగిలి అయ్యేది తక్కువ. పుట్టుకతో వచ్చిన ఎముకల తీరుతో అయ్యేదే ఎక్కువ. ఒకటి, రెండు దశల్లో చిప్ప జారి మళ్లీ వస్తుంది. ఎక్స్‌రే తీసిన ఆ క్షణంలో గాడిలో ఉంటే ఫిల్ములో గాడిలోనే కనబడుతుంది. 1969లో సింగిల్టన్ అనే పశువైద్యుడు ప్రచురించిన నాలుగు దశల లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు. అందులో దశ తేల్చడానికి ముఖ్యంగా కావలసింది చెయ్యే.

అట్లని ఎక్స్‌రే దండగ కాదు. కీలు అరిగిందా, ఎముక ఎంత వంగింది అనేవి అది చూపిస్తుంది. మోకాలు మడిచి పైనుంచి తీస్తే గాడి లోతు తెలుస్తుంది. కాలు కాస్త అటూ ఇటూ పెట్టి తీస్తే మాత్రం తిన్నని ఎముక వంకరగా కనబడుతుంది. అందుకే వంకర ఎక్కువున్న కాలికి ఆపరేషన్ చేసేముందు సీటీ తీసి కొలుస్తారు. ఇవన్నీ నేను ఆ రోజే అడిగుండొచ్చు. అడిగితే నాకు నచ్చని జవాబు వస్తుందని భయపడినాను. నాకు పిల్లలు కావాలి, అదీ అసలు సంగతి.

పిల్లలు పుట్టినాయి. అందులో ఒకటి నడక నేర్చినప్పటి నుంచీ వెనక కాళ్లు చాపలేక కుంగి నడుస్తోంది. దానిది నాలుగో దశ: చిప్ప ఎప్పుడూ బయటే, నెట్టినా లోపలికి రాదు. ఈసారి ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడింది. గాడి లోతు చేసి, బొడిపెను కోసి జరిపి బిగించాలన్నారు.

చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినాను. పిల్లల్ని తీసుకున్న వాళ్లందరికీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పినాను. హిందూపురంలో ఒకాయన తన దాన్ని జత కట్టించాలని చూస్తున్నాడు. "మాది బాగానే ఉందన్నా, ఎక్స్‌రే కూడా తీయించినా" అన్నాడు. మా డాక్టరు నంబరు ఇచ్చినాను. ఆయన కాలు పట్టి చూసేదాకా ఆగమని బతిమాలినాను.