పిలిచిన ఇంటిని దాటిపోయి

క్రిస్మస్ సెలవుల్లో ఏ ఊరికి పోదాం? మా ఇంట్లో ఈ మాట దసరా వెళ్లిన మర్నాడే మొదలయ్యేది. మొదలుపెట్టేది నేనే. నేను సర్కారు బడి టీచర్ని. మా ఆయనది చౌటుప్పల్ దగ్గరే మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇద్దరికీ కలిసొచ్చే సెలవులు తక్కువ. మన తెలంగాణలో డిసెంబరు 25తో పాటు 26 కూడా సెలవే కాబట్టి, ముందో వెనకో ఒక ఆదివారం కలిసిందంటే పిల్లల్ని తీసుకుని ఎటైనా పోయి రావచ్చు. ఆ రెండు మూడు రోజుల కోసం ఏళ్ల తరబడి ఊళ్లు వెతికాను. ఆ వెతుకులాటలో చేసిన తెలివితక్కువ పని ఇన్నాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

మేం క్రైస్తవులం కాదు. అయినా క్రిస్మస్ అంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. ఆ ఇష్టమంతా గ్రీటింగ్ కార్డుల్లోంచి, సినిమాల్లోంచి వచ్చింది. మంచు కురవాలి, చెక్క దుకాణాలుండాలి, వీధి పొడుగునా దీపాలు వెలగాలి. అట్లాంటి ఊళ్ల పేర్లు డైరీలో రాసుకునేదాన్ని. జర్మనీలో న్యూరెంబర్గ్, అక్కడి క్రిస్మస్ సంతకు 1628 నాటి ఆధారం ఉంది. ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్, అక్కడి సంత 1570లో మొదలైంది. ఫిన్లండ్‌లో రోవానియెమి, అక్కడ ఆర్కిటిక్ వలయం మీద శాంటాక్లాస్ పేరుతో ఒక పల్లెనే కట్టారు. ఆస్ట్రియాలో ఒబెర్న్‌డోర్ఫ్, ‘సైలెంట్ నైట్’ పాటను 1818 క్రిస్మస్ ముందురోజు మొట్టమొదట పాడిన చోటు. మాకు పాస్‌పోర్టులు కూడా లేవు. అయినా పండుగ అంటే అట్లా ఉండాలని నా లోపల ఒక బొమ్మ గట్టిగా అతుక్కుపోయింది. దగ్గర్లో ఏ ఊరు చూసినా ఆ బొమ్మతోనే కొలిచేదాన్ని.

మా చౌటుప్పల్ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. సెలవులొచ్చాయంటే పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరుతాయి. ఇటు హైదరాబాదు, అటు విజయవాడ. పుట్టినప్పటి నుంచి ఆగకుండా పోయే బండ్లను చూస్తూ పెరిగితే, చూడదగ్గదేదైనా ఆ రోడ్డుకు ఆ కొసనో ఈ కొసనో ఉంటుందని, మనూళ్లో ఉండదని నమ్మకం కుదిరిపోతుంది. నాకూ అట్లనే కుదిరింది.

కాబట్టి తిరిగాం. హైదరాబాదు మాల్స్‌లో దూది మంచు కింద పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీశాను. గోవా పోయాం. పాత గోవాలో బామ్ జీసస్ బసిలికా చూసి, సాయంత్రానికి సముద్రం ఒడ్డున గదికి చేరాం. ఆ రాత్రి అక్కడి కుటుంబాలు మంచి బట్టలు కట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి ప్రార్థనకు నడిచిపోతుంటే మేం బాల్కనీలోంచి చూశాం. మా పిల్ల ‘మనం కూడా పోదామా అమ్మా’ అని అడిగింది. ‘మనకెందుకు, పొద్దున చర్చి చూశాం కదా’ అన్నాను.

ఒక ఏడాది మెదక్ పోయాం. మెదక్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. అక్కడ నేను చూసింది ఎంతో, చూడనిది అంతకు ఎక్కువ. కరువులో తిండిలేక అల్లాడుతున్న జనానికి పని ఇచ్చి అన్నం పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ తలపెట్టిన కట్టడం అక్కడి చర్చి. 1914లో మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, దాదాపు 175 అడుగుల గోపురం. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఒకదాంట్లో క్రీస్తు పుట్టుక, ఒకదాంట్లో సిలువ, మరొకదాంట్లో ఆరోహణం. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లిష్ చిత్రకారుడి పని అవి. బయట ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మలు బతికుంటాయి. పొద్దుగూకితే లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి నల్లటి గాజుపలకలే.

మేం పోయిన రోజు ఎండ బాగా ఉంది. ఎరుపూ నీలమూ వెలుగు నేలమీది పలకల మీద పడుతోంది. ఆ వెలుగులో ఒక ముసలామె కొంగు నెత్తిన కప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. బయట చెట్ల కింద జనం రాళ్లు పెట్టి పొయ్యిలు రాజేసి వండుకుంటున్నారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి, అక్కడే పడుకుని, మొక్కులు చెల్లించుకుని పోయే జాతర అది. నేనొక కిటికీ ఫొటో తీయడానికి ఆ ముసలామెను కాస్త పక్కకు జరగమన్నాను. ఆమె మారుమాట లేకుండా జరిగింది. ఫొటో బాగా వచ్చింది. ఆరాధన మొదలయ్యేలోపే, రద్దీ పెరిగితే కారు బయటికి తీయలేమని మేం వెళ్లిపోయాం. కరువు కాలంలో ఆ చర్చి రాళ్లు మోసినవాళ్ల మనవరాలై ఉండవచ్చు ఆమె. ఆమె చోటు ఆమెది. చూడ్డానికి వచ్చిన నేను ఆమెను లేపాను. ఆ పని గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇన్నేళ్లూ నన్ను పండుగకు పిలుస్తున్న ఇల్లొకటి ఉంది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కది. ఏటా డిసెంబరు రాగానే నా దగ్గరికొచ్చి చెప్పేది. ‘ఈసారన్న పండుగకు రాండ్రి మేడం. సారును, పిల్లలను తోలుకొని రాండ్రి.’ నేనూ ఏటా అదే జవాబు చెప్పేదాన్ని. ‘ఊరికి పోతున్నం అక్కా, మళ్లీ చూద్దాం.’ ఆమె ముఖం ముడుచుకునేది కాదు. ‘మంచిగ పోయి రాండ్రి మేడం’ అనేది. సెలవులయ్యాక స్టీలు డబ్బాలో సకినాలు, అరిసెలు తెచ్చి నా బల్ల మీద పెట్టేది. వాటిని తరగతిలో పిల్లలకు పంచేసేదాన్ని. నాది పెద్ద మనసనుకున్నాను. ఒక్కటైనా ఇంటికి తీసుకుపోయిన గుర్తు లేదు.

ఇక్కడ అసలు మాట చెప్పాలి. ఆమె ఇల్లు ఎస్సీ కాలనీలో. బడిలో రోజూ ఆమె వండిన అన్నం పిల్లలు తింటారు, నేను ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేదాన్ని. నాకు కులం పట్టింపు లేదని అందరితో చెప్పేదాన్ని, నేనూ నమ్మేదాన్ని. పోకపోవడానికి ప్రయాణాలు ఒక సాకు. ఆ సాకు వెనక ఇంకో సాకు, మా అత్తమ్మ ఏమనుకుంటుందోనని. అత్తమ్మను ఒక్కసారైనా అడిగి చూడలేదు.

ఒక ఏడు అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కడికీ కదల్లేని పరిస్థితి. అక్క పిలిచినప్పుడు చెప్పడానికి కారణం దొరకలేదు. వస్తానన్నాను. అభిమానంతో పోయానని చెబితే అబద్ధం. తప్పించుకోలేక పోయాను.

పండుగ ఆరాధన వాళ్ల కాలనీ చర్చిలో. సిమెంటు రేకుల గుడి. గోడలకు కొత్తగా సున్నం కొట్టారు. వాకిట్లో వెదురు గడకు నక్షత్రం కట్టారు. లోపల పట్టాలు పరిచి ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు కూర్చున్నారు. సగం మంది నా విద్యార్థుల తల్లిదండ్రులే. పాటలయ్యాక పిల్లల నాటిక. రాత్రిపూట మందకు కాపలా ఉన్న గొల్లలుగా నలుగురు పిల్లలు చేతికర్రలు పట్టుకుని వచ్చారు. అందరికంటే ముందున్న పిల్లవాడు నా నాలుగో తరగతివాడు. వాడు కప్పుకున్నది అసలైన గొంగడి. నల్ల గొర్రె ఉన్నితో నేసినది, బరువుగా, గరుకుగా ఉంది. దగ్గరికి రాగానే మంద వాసన కొట్టింది. పిల్లవాడి నెత్తి మీదుగా కప్పితే అంచులు నేలను ఊడుస్తున్నాయి.

ఆ గొంగడి ఎక్కడిదని అక్కనడిగాను. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన్ను చూపించింది. బడి వెనక వీధిలో ఉండే కురుమ తాత. ఊళ్లో రోజూ చూసే మనిషే. ‘ఏటా ఆయనే తెచ్చిస్తడు మేడం. నాటిక అయిందాక కూసుంటడు, మాతోని తిని పోతడు’ అంది. ఆ తాత బడికి పోయినవాడు కాదు, న్యూరెంబర్గ్ పేరు విన్నవాడూ కాదు. పండుగకు ఏం తేవాలో, ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలిసింది. చదువు చెప్పే నాకు తెలియలేదు.

ఆ నాటిక చూస్తుంటేనే నాలోని బొమ్మ చెదిరింది. లూకా సువార్త చెప్పే కథలో మంచు లేదు, చెక్క దుకాణాలు లేవు. రాతిగుట్టల మీది చిన్న ఊరు, పొలంలో గొర్రెల కాపరులు, సత్రంలో చోటు దొరకని నిండు గర్భిణి. మా ప్రాంతమూ అంతే కదా. గుట్టలు, బండలు, వానకు ఎదురుచూసే చెలకలు, గొర్ల మందలు. ఆ కథ ఈ నేలమీద చెబితే ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు. దానికి సరిపోయే ఊరి కోసం నేను మంచుదేశాల పటాలు వెతికాను. చోటు లేదనిపించుకుని తిరిగిపోయినవాళ్ల కథను ఇష్టపడుతూ, చోటిచ్చి పిలిచిన ఇంటికి పోకుండా తప్పించుకున్నాను.

ప్రార్థనకు అందరూ మోకరించారు. కొందరు పెద్దవాళ్లు మాత్రం కుర్చీల్లోనే తలలు వంచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వాళ్ల మోకాళ్లు బిగుసుకుపోయాయి. మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు, నల్లాల్లో కృష్ణా నీళ్లూ వచ్చాయి. అప్పటికే బిగిసిన కీళ్లు మళ్లీ వంగవు. వాళ్లలో ఒకాయన చిన్నప్పుడు నల్లగొండ మిషన్ బోర్డింగులో ఉండి చదువుకున్నాడట. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టాడని, తర్వాత దేవరకొండ, జడ్చర్ల వైపు మిషన్ బడులూ ఆసుపత్రులూ వచ్చాయని పుస్తకాల్లో చదివాను. నిజాం కాలంలో చాలా బడుల గడప తొక్కనివ్వని పిల్లలు అక్షరం నేర్చిన దారి అది. అదే వాడ పిల్లలకు రోజూ పాఠం చెబుతూ, వాళ్ల తాతలకు చదువు ఎట్లా అందిందో ఒక్కనాడూ అడగలేదు నేను.

తర్వాత భోజనాలు. బగారన్నం, మటన్ కూర. అక్క వడ్డిస్తూ ‘కారం ఎక్కువైతదేమో మేడం’ అంది. రోజూ పన్నెండింటికి నా తరగతి గదిలోకి వచ్చే పోపు వాసన ఆ కూరలో ఉంది. అన్నేళ్లు పీల్చాను, రుచి అప్పుడే తెలిసింది. మళ్లీ అడిగి వేయించుకున్నాను. సెలవుల తర్వాత బడికి డబ్బా తీసుకుపోవడం మానేశాను.

ఆ సంక్రాంతికి ఆమెను మా ఇంటికి పిలిచాను. వచ్చి, గడప బయట చెప్పులు విడిచి, అక్కడే ఆగి ‘లోపటికి రావాల్నా మేడం?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్న ఆమె నోట రావడానికి కారణం మేమేనని ఆ క్షణాన తెలిసింది. లోపలి నుంచి అత్తమ్మ కర్ర ఊతంగా లేచి వచ్చి ‘అదేం మాట బిడ్డా, రా, కూసో’ అని చేయి పట్టుకుంది. ఏ మనిషి పేరు చెప్పుకుని అన్నేళ్లు తప్పించుకున్నానో, ఆ మనిషే నాకంటే ముందు అక్కను లోపలికి పిలిచింది.

ఊళ్లు చూడొద్దని నేననను. చూడాలి. మెదక్ తప్పకుండా చూడాలి, 2024లో దానికి నూరేళ్లు నిండాయి. సికింద్రాబాదులో సెయింట్ మేరీస్, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ చర్చిలు చూడాలి. చూసే పద్ధతి మాత్రం నేను మార్చుకున్నాను. ఒబెర్న్‌డోర్ఫ్ ఇవాళ లోకమంతా పోయి చూసే ఊరు, ఆ పాట పుట్టిన నాటికి నది మీద పడవలు నడుపుకునే వాళ్ల చిన్న పల్లె. 2023లో గాజా యుద్ధం వల్ల బేత్లెహేములోనే దీపాలు పెట్టలేదు, పెద్ద చెట్టూ నిలపలేదు. ప్రార్థన మాత్రం ఆగలేదు. పండుగ ఉన్నది కూర్చుని ప్రార్థించే మనుషుల దగ్గర. వాళ్ల పక్కన కాసేపు కూర్చోకుండా తిరిగొస్తే గోడలు చూసొచ్చినట్టే.

ఇప్పుడు ఎవరైనా క్రిస్మస్‌కు ఏ ఊరు పోదామని అడిగితే నేను చెప్పే మాట ఒకటే. మిమ్మల్ని పండుగకు పిలిచినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటే 25న వాళ్లింటికి పోండి. ఆరాధన అయ్యేదాకా కూర్చోండి, పెట్టింది తినండి, సంక్రాంతికి వాళ్లను మీ ఇంటికి పిలవండి. 26 ఎట్లాగూ సెలవే, మెదక్‌కు ఆ రోజు బయల్దేరండి. పొద్దు ఉండగానే చేరుకోండి, కిటికీల కింద ఎవరైనా కళ్లు మూసుకుని కూర్చుంటే వాళ్లను లేపకండి.